ఒకటి తర్వాత నాలుగు

నూజివీడులో గంగాధరం మాస్టారి ఇంట్లో అడుగుపెట్టినవారికి ముందుగా కనబడేవి మూడు రేకు పెట్టెలు. 1977 నాటి నియామకపు ఉత్తర్వు మొదలు నిన్నటి కరెంటు బిల్లు దాకా ఆయన జీవితం ఆ మూడింటిలో ఉంది. రోడ్డు గుంతల మీద ఆయన రాసిన అర్జీలు, వాటికి వచ్చిన జవాబులు, జవాబు రానప్పుడు రాసిన రిమైండర్లు, ఆ రిమైండర్ల తపాలా రసీదులు తేదీల వరుసన దారాలతో కట్టి ఉంటాయి. ఏ కాగితం అడిగినా ఐదు నిమిషాల్లో తీసి ఇవ్వగలడు.

"ఈ ఇంట్లో మనిద్దరం అద్దెకుంటున్నామండీ. ఓనర్లు ఆ పెట్టెలే" అంటుంది ఆయన భార్య కాత్యాయని.

తండ్రి జి. కొండూరు దగ్గర ఒక చిన్న గుడిలో అర్చకుడు. కొడుకు మాత్రం రాజ్యాంగాన్ని పట్టుకున్నాడు. ముప్పైనాలుగేళ్ళు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో సాంఘికశాస్త్రం చెప్పాడు. అందులో నడిమి పదకొండేళ్ళు ఆగిరిపల్లి మండలంలోనే. ఏటా జూన్‌లో మొదటి పాఠం పుస్తకంలోది కాదు. నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో "చదవని కాగితం మీద సంతకం పెట్టకండి" అని రాసి, పిల్లలందరిచేత మూడుసార్లు చదివించి, ఆ తర్వాతే పుస్తకం తెరిచేవాడు. ఆ ప్రాంతంలో ఇప్పుడు నలభై, యాభై ఏళ్ళ వయసున్న మామిడి రైతుల్లో సగం మంది ఆ వాక్యం చదివినవారే. ఈ సంగతి ఇక్కడే చెప్పడానికి కారణం ఉంది.

రెండేళ్ళ క్రితం మే నెలలో ఒకరోజు రసాలు కొందామని ఆయన ఆగిరిపల్లి దారిలో ఉన్న ఒక ప్రైవేటు మామిడి యార్డుకు వెళ్ళాడు. అక్కడ అమృతమ్మ కనబడింది. ఆమెకు రెండెకరాల తోట. భర్త పోయాక కూడా కాపును గుత్తకివ్వకుండా, తానే కూలీలను పెట్టి కోయించి, ట్రాక్టరులో వేసుకుని వచ్చి అమ్ముకునే మనిషి. ఆమె కాయ రాశిపోసి ఉంది. రాశి పక్కన ఏజెంటూ, ఉత్తరాది నుంచి వచ్చిన వ్యాపారీ నిలబడి, చేతుల మీద ఒక తువ్వాలు కప్పుకున్నారు. ఆ తువ్వాలు కింద వేళ్ళు వేళ్ళను నొక్కుతున్నాయి. ఏ వేలు నొక్కితే ఎంత అన్నది ఆ ఇద్దరికే తెలుసు. పైకి మాట లేదు. నిమిషంలో తువ్వాలు తీసేశారు. బేరం అయిపోయింది.

"ఎంతకు పోయిందయ్యా?" అమృతమ్మ అడిగింది.

"సాయంత్రం చీటీలో ఉంటది, చూసుకోమ్మా."

"నా కాయ నా ఎదురుగానే అమ్ముతా, ధర నాకే చెప్పవా?"

"నీ ఒక్కదానికే చెప్తే మిగతావాళ్ళు ఊరుకుంటారా? ఎప్పుడూ ఉన్నదేగా!"

ఏజెంటు నవ్వాడు, వ్యాపారి నవ్వాడు. చుట్టూ ఉన్న రైతులు కూడా నవ్వారు. ఆ నవ్వే గంగాధరం మాస్టారికి గుచ్చుకుంది. ఆ నవ్వినవారిలో ఆయన దగ్గర ప్రాథమిక హక్కుల పాఠం విన్నవారు ముగ్గురున్నారు. అమృతమ్మ ఆయన వైపు తిరిగి, "చూశారా మేష్టారూ, మనవాళ్ళెంత సంతోషంగా ఉన్నారో" అంది. ఆయన రసాలు కొనకుండానే ఇంటికి వచ్చాడు.

మరుసటి ఏడాది మొదట్లో పత్రికలో ఒక ప్రకటన వచ్చింది. వ్యవసాయ మార్కెట్ల చట్టానికి సవరణ బిల్లు సభలో ప్రవేశపెట్టారు. దానిని శాసనసభ, మండలి సభ్యులున్న ఒక సంయుక్త కమిటీకి పంపారు. ప్రజలు నెల రోజుల్లోగా అభిప్రాయాలు తెలపవచ్చు. ఆయన బిల్లు ప్రతి తెప్పించుకుని మొత్తం చదివాడు. ఏడవ క్లాజు దగ్గర ఆగి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. పండ్ల విక్రయంలో ధరను రైతు వినేటట్లు బహిరంగంగా పలకవలెను. పలికిన ధరను అక్కడికక్కడే వ్రాసి రైతుకు ఇవ్వవలెను. చేతులు కప్పి బేరమాడుట నిషిద్ధము.

"కాత్యాయనీ, ఇది అమృతమ్మ క్లాజు!" అన్నాడు.

"ఆవిడకి తెలుసా?"

"ఇంకా తెలియదు."

"అయితే ముందు ఆవిడకి చెప్పండి. నాలుగో పెట్టె కొనడం తర్వాత."

కమిటీలో పదిహేడుమంది సభ్యులు. పదిహేడుమందికీ ఆయన విడివిడిగా, స్వహస్తంతో, తలా మూడు పేజీల ఉత్తరం రాశాడు. రసీదులు పదిహేడూ పెట్టెలో ఉన్నాయి. జవాబులు రెండే వచ్చాయి. రెండింటిలోనూ ఒకే వాక్యం ఉంది: మీ లేఖ అందినది. ఫోన్లు చేశాడు. సార్ మీటింగులో ఉన్నారన్నారు, సార్ ఊళ్ళో లేరన్నారు, ఒకచోట సార్ ఎవరని ఎదురు అడిగారు.

ఆ పదిహేడుమందిలో తిరుపతిరావు ఒకడు. ఇప్పుడు శాసనమండలి సభ్యుడు. ఒకప్పుడు గంగాధరం పనిచేసిన బడిలోనే లెక్కల మాస్టారు, పదేళ్ళు చిన్నవాడు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర అన్నం డబ్బాలు విప్పుకున్నవారు. ఉపాధ్యాయ సంఘం ఎన్నికల్లో తిరుపతిరావు మొదటిసారి నిలబడినప్పుడు కరపత్రం రాసిపెట్టింది గంగాధరమే. ఆ కరపత్రం కూడా పెట్టెలో ఉంది. ఒక్క తిరుపతిరావు మాత్రం తానే ఫోన్ చేశాడు.

"మాస్టారూ, మీ ఉత్తరం అక్షరం వదలకుండా చదివానండీ. కళ్ళు చెమర్చాయంటే నమ్మండి. మీ చేతిరాత చూసి ఎన్నేళ్ళయిందో!"

"చేతిరాత సంగతి అలా ఉంచండి. క్లాజు నిలబడుతుందా?"

"నిలబెడదామండీ. కానీ ఒంటి ఉత్తరానికి బలం చాలదు. అవతలివైపు నుంచి ఒత్తిడి మామూలుగా లేదు. రైతుల సంతకాలు తెండి. రెండొందలు దాటితే నేను కమిటీలో బల్ల గుద్ది మాట్లాడతా."

సంతకాల కోసం గంగాధరం మాస్టారు డెబ్బైరెండేళ్ళ వయసులో ఊరూరా తిరిగాడు. బస్సులెక్కాడు, ఆటోలెక్కాడు, పూర్వవిద్యార్థుల బళ్ళ వెనక కూర్చున్నాడు. మొదటి మూడు రోజుల్లో పట్టుమని పది సంతకాలు రాలేదు. కారణం వీరయ్య చెప్పాడు. వీరయ్య ఆగిరిపల్లి పక్కన ఆరెకరాల తోట ఉన్న రైతు, నలుగురూ మాట వినే మనిషి, మాస్టారి పాత శిష్యుడు.

"మేష్టారూ, మీరు రాసిందంతా నిజమే. ఆ నిజం కిందే మా పేర్లు ఉంటే మాత్రం మేం బతకలేమండీ. పూతకి ముందే పురుగుమందులకి యార్డు షావుకారి దగ్గర అడ్వాన్సు తెచ్చుకునేవాళ్ళం. రేపు ఈ కాగితం ఫోటో తీసి ఎవడన్నా ఆయనకి పంపించాడనుకోండి, మా కాయ రాశిపోసి ఎండబెట్టుకోవాల్సిందే."

"అయితే ఏం చేద్దామంటావు?"

"అర్జీ వేరే కాగితం మీద పెట్టండి. సంతకాలకి వేరే కాగితం. దాని మీద తువ్వాలు ఊసు, షావుకారి ఊసు ఉండకూడదు. పైన 'నూజివీడు ప్రాంత మామిడి రైతులు' అని రాసి వదిలేయండి. ఎవరన్నా అడిగితే కరెంటు కోసం అనో, రోడ్డు కోసం అనో చెప్పుకుంటాం."

గంగాధరం వెంటనే ఒప్పుకోలేదు. జీవితమంతా నల్లబల్ల మీద రాసిన వాక్యానికి ఇది విరుద్ధమని ఆయనకు తెలుసు. ఒక రాత్రంతా ఆలోచించాడు. చివరికి ఒక ఉపాయం తోచింది: ప్రతి ఇంటి దగ్గరా ముందు అర్జీ మూడు పేజీలూ పైకి చదివి వినిపించాలి, ఆ తర్వాతే ఖాళీ పట్టిక ముందు పెట్టాలి. అర్జీ పేజీలకు ఒకటి నుంచి మూడు, సంతకాల పేజీలకు నాలుగు నుంచి పద్నాలుగు దాకా తన చేత్తో పైన కుడిమూల అంకెలు వేశాడు. అంత చేస్తే చాలుననుకున్నాడు. చదివింది తాను, తీసుకువెళ్ళేది తాను, అందుకునేది తిరుపతిరావు, మధ్యలో పరాయివాడెవడున్నాడు?

అమృతమ్మ వేలిముద్ర వేయబోతూ ఆగింది. "దీంట్లో ఏం లేదేంటి మేష్టారూ? తెల్లగా ఉంది."

"రాసింది ఇందాక చదివానుగా, అమృతమ్మా. అది దీని ముందు ఉంటుంది."

"ముందుంటదా? ఊడిపోదుగా?"

"నేనున్నానుగా."

ఆమె వేలు సిరా దిమ్మ మీద ఒత్తి పదకొండవ పేజీలో ముద్ర వేసింది. పదిహేను రోజుల్లో రెండువందల పద్నాలుగు పేర్లు వచ్చాయి.

విజయవాడ బయలుదేరేముందు నూజివీడు బస్టాండు ఎదుట గ్లోరీ జిరాక్సు దుకాణంలో పద్నాలుగు పేజీలూ నకలు తీయించాడు. గ్లోరీ పాతికేళ్ళుగా ఆయన కాగితాలు చూస్తున్న మనిషి.

"ఈసారి ఎవరి మీద మాస్టారూ?"

"ఎవరి మీదా కాదమ్మా, ఒక చట్టం కోసం."

"చట్టానికి కూడా మా మిషనే దిక్కయిందన్నమాట. పోనీ, రెండు పేజీలకి డబ్బులు తీసుకోను. నా వంతు."

తిరుపతిరావు విజయవాడ ఆఫీసులో అసలు ప్రతులు రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నాడు. వంగి పాదాలు తాకాడు. సిబ్బందిని పిలిచి, "వీళ్ళురా నిజమైన పౌరులంటే" అన్నాడు. ఫోటో తీయించాడు. ఆ ఫోటో కూడా పెట్టెలో ఉంది.

వర్షాకాల సమావేశాల్లో బిల్లు ఆమోదం పొందింది. ఏడవ క్లాజు ఉందని పత్రికలో చూసి కాత్యాయని కేసరి చేసింది. మాస్టారు వీరయ్యకు ఫోన్ చేస్తే, అవతల నలుగురైదుగురు ఈలలు వేసినట్టు వినబడింది. అమృతమ్మ కబురు పంపింది: వచ్చే కాపులో మొదటి బుట్ట మేష్టారింటికేనని.

వచ్చే కాపు వచ్చింది. బుట్ట రాలేదు. వీరయ్య ఫోన్ వచ్చింది.

"చట్టం వచ్చిందన్నారుగా మేష్టారూ?"

"వచ్చింది. గెజెట్ నా దగ్గర ఉంది."

"మరి తువ్వాళ్ళు ఇంకా అలాగే ఉన్నాయేంటండీ? ఇవాళ నేను గట్టిగా అడిగితే, యార్డు గుమాస్తా ఓ కాగితం తీసి నా మొహాన పెట్టాడు. దాంట్లో నా సంతకం ఉంది. తువ్వాలు బేరమే కావాలని నేనే అడిగానంట! వాడు చదువుతుంటే జనమంతా నా వంకే చూశారు. ఏంటి మేష్టారూ ఇది? మాచేత ఏం పెట్టించుకున్నారు మీరు?"

ఆయన జవాబు చెప్పేలోగానే ఫోన్ పెట్టేశాడు.

మాస్టారు గెజెట్ తీసి మళ్ళీ చదివాడు. ఏడవ క్లాజు ఉంది. దాని కింద, నిరుడు పత్రిక రాయని, ఆనందంలో తాను కూడా పట్టించుకోని ఒక వాక్యం ఉంది: అయితే, రైతుల లిఖితపూర్వక సమ్మతితో స్థానికముగా ఆచారములో ఉన్న విక్రయ పద్ధతులకు ఈ నిబంధన వర్తించదు. చదవకుండా సంతకం పెట్టవద్దని వేలమంది పిల్లలకు చెప్పినవాడు గెజెట్‌ను చివరిదాకా చదవలేదు. కేసరి తిన్నాడు.

ఆ సమ్మతి ఎక్కడిదో చూద్దామని మర్నాడు ఉదయమే గ్లోరీ దుకాణానికి వెళ్ళాడు. ఆమె కంప్యూటరులో కమిటీ నివేదిక వెతికి, అనుబంధం పేజీలు అచ్చు తీస్తూ తీస్తూ ఆగిపోయింది.

"మాస్టారూ, ఈ సంతకాలు నా మిషను మీద నుంచి పోయినవే. ఈ ఎనిమిదో పేజీ మూల నూనె మరక నాకు గుర్తుంది, అద్దం తుడుచుకున్నా. కానీ ఈ ముందు ఉత్తరం మీది కాదే?"

ముందు ఉత్తరం ఒక్క పేజీ, కంప్యూటరు అక్షరాల్లో ఉంది. నూజివీడు ప్రాంత మామిడి రైతులమైన మేము, తరతరాలుగా మాకు అనువుగా ఉన్న విక్రయ పద్ధతిని యథాతథంగా కొనసాగించవలసిందిగా కోరుచున్నాము. కుడిమూల అచ్చులో 'ఒకటి' అంకె. దాని వెనక ఆయన చేత్తో వేసిన నాలుగు. తర్వాత ఐదు, ఆరు, పద్నాలుగు దాకా. ఒకటి తర్వాత నాలుగు. రెండూ మూడూ ఎక్కడా లేవు. ఆ లోటు ఎవరికీ కనబడలేదో, కనబడినా అక్కర్లేకపోయిందో.

గ్లోరీ స్టూలు జరిపింది. "కూర్చోండి మాస్టారూ. మొహం తెల్లబోయింది." ఆయన కూర్చోలేదు. ఆ కాగితాలు సంచిలో పెట్టుకుని ఎదుటనే ఉన్న విజయవాడ బస్సెక్కాడు.

తిరుపతిరావు ఈసారి పాదాలు తాకలేదు గానీ, కాఫీ తెప్పించాడు. గంగాధరం తన నకలూ, నివేదిక అనుబంధమూ పక్కపక్కన పరిచి, అంకెల మీద వేలు పెట్టి చూపించాడు.

"లెక్కల మాస్టారుగా చెప్పండి, ఒకటి తర్వాత ఎంత వస్తుంది?"

తిరుపతిరావు చూశాడు. బుకాయించలేదు. బుకాయించి ఉంటే గంగాధరం మనసు కొంచెం తక్కువ విరిగేది.

"మాస్టారూ, మీరు పెద్దవారు. కమిటీ అంటే అందరూ కలిసి ఒప్పుకోవాలండీ. క్లాజు ఉండాలంటే మినహాయింపు ఉండాలన్నారు. మినహాయింపుకి రైతుల సమ్మతి కాగితం కావాలన్నారు. రాష్ట్రం మొత్తంలో రైతుల సంతకాలతో వచ్చిన కాగితం మీదొక్కటే. ముందు పేజీ ఆఫీసులో వాళ్ళు టైపు చేశారు. నేను కాదనలేకపోయా."

"మేము వద్దన్నదానికే మా సంతకాలు వాడారు."

"క్లాజు పూర్తిగా పోవడం కన్నా నయం కదండీ? మీ పేరు నివేదికలో కృతజ్ఞతల్లో వేయించాను, చూశారా? కొత్త సలహా సంఘంలో మీకు..."

"నా మూడు పేజీలు ఎక్కడున్నాయి?"

"ఏవి?"

"ఒకటి, రెండు, మూడు. నేను రాసినవి. అవి ఇప్పించండి."

తిరుపతిరావు లోపలికి కేకేశాడు. లోపలివారు వెతికారు. దొరకలేదు. ఇలాంటివి ఎక్కువకాలం ఉంచరని ఒకరు చెప్పారు. గంగాధరం కాఫీ ముట్టుకోకుండా లేచాడు.

"కళ్ళు చెమర్చాయన్నావు కదా, తిరుపతీ" అన్నాడు గుమ్మం దగ్గర. చాలా ఏళ్ళ తర్వాత ఏకవచనం నోటికి వచ్చింది. "అది కూడా టైపు చేయించిందేనా?"

కమిటీ అధ్యక్షునికి సాక్ష్యాలన్నీ జతపరిచి ఫిర్యాదు రాశాడు. నలభై రోజులకు జవాబు వచ్చింది: నివేదిక సభకు సమర్పించుటతో కమిటీ కాలపరిమితి ముగిసినది, కావున తమ లేఖ ఫైలు చేయబడినది. ఫైలు చేయడమన్న మాటకు ఆయన జీవితమంతా ఒకటే అర్థం ఉండేది: పోకుండా కాపాడడం. ఈ జవాబు చదివాక ఆ రోజంతా పెట్టెల వైపు చూడలేదు. పెట్టె మూత తెరిచి జవాబును లోపల పెట్టింది కాత్యాయని.

"వాళ్ళు మోసం చేశారు, సరే. అమృతమ్మకి మీరేం చెప్తారు?" అని మాత్రం అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబుగా ఆయన ఒక కాగితం రాశాడు. ఒకే పేజీ. మేము తువ్వాలు బేరానికి ఎన్నడూ సమ్మతించలేదు; మా సంతకాలు మేము కోరిన అర్జీ నుంచి విడదీసి వాడబడినవి; ఆ సమ్మతిని మేము తిరస్కరించుచున్నాము. సంతకాల పట్టిక ఈసారి అదే పేజీలో, ఆ వాక్యాల కిందనే. అది పట్టుకుని మళ్ళీ ఊరూరా తిరిగాడు.

వీరయ్య గుమ్మంలోనే నిలబెట్టాడు. "మేష్టారూ, మొదటిది పెట్టి నవ్వులపాలయ్యాం. ఇది పెడితే అడ్వాన్సు పోద్ది. మీకు పింఛను వస్తది, మీకేం?" ఆయన శిష్యుడు ఆయనతో ఆ మాట అనడం అదే మొదటిసారి. రెండువందల పద్నాలుగు మందిలో కొందరు ఇంట్లో లేరన్నారు, కొందరు ఇంట్లో ఉండే లేరనిపించారు. ఒకామె లోపలినుంచి, "ఆ ఖాళీ కాగితాల మేష్టారొచ్చాడు" అనడం ఆయనకు వినబడింది.

అమృతమ్మ తోటలో రాలిన కాయ ఏరుతోంది. కూర్చోమని అనలేదు.

"నా వేలు నాకు తెచ్చియ్యండి మేష్టారూ" అంది. "తెల్లగా ఉందని నేను అడిగా. మీరేమన్నారు? 'నేనున్నానుగా' అన్నారు. ఉన్నారా?"

ఆయన సంచి విప్పాడు. కాగితం చదివాడు. ఆమె ఇంకోసారి చదవమంది. మూడోసారి ఒక్కో మాట మీద వేలు పెట్టి చూపిస్తూ చదవమంది. అప్పుడు సిరా దిమ్మ అడిగి తీసుకుని, బొటనవేలు ఒత్తి, కింద పట్టికలో కాకుండా నడిమధ్యన, 'సమ్మతించలేదు' అన్న అక్షరాల మీదే ముద్ర వేసింది.

"ఇప్పుడు ఊడదీయమనండి చూస్తా."

ఆయన కాగితం మడిచి సంచిలో పెట్టుకోబోయాడు. ఆమె చెయ్యి చాపింది.

"అది నా దగ్గరుంటది."

"అమృతమ్మా, భద్రంగా ఉంచుతాను. నా దగ్గర యాభై ఏళ్ళ కాగితాలు..."

"మీకు నకలు కావాలంటే పదండి, తీయించుకుందురు."

ఇద్దరూ నూజివీడు బస్సులో వచ్చారు. గ్లోరీ దుకాణంలో మిషను మూత కింద వెలుగు ఇటు నుంచి అటు పాకినంతసేపూ అమృతమ్మ కాగితం అంచు వదలలేదు. మూత పూర్తిగా దిగలేదు. నకలు మీద ఒక పక్క ఆమె వేళ్ళు కూడా నల్లగా పడ్డాయి. గ్లోరీ ఇంకొకటి తీస్తానంది. గంగాధరం అక్కర్లేదన్నాడు.

అమృతమ్మ అసలు ప్రతిని నాలుగు మడతలు పెట్టి, రవికలో దోపుకుని, ఆగిరిపల్లి బస్సెక్కింది. వెనక్కి చూడలేదు.

ఆ సాయంత్రం గంగాధరం మాస్టారు మూడో పెట్టె తెరిచి ఆ నకలును తేదీ వరుసలో పెట్టాడు. కట్టకు దారం కట్టేముందు పైన కుడిమూల అంకె వేయబోయి, కలం కాసేపు పట్టుకుని, వేయకుండానే మూత మూశాడు.